నాన్నగారి మోటార్ న్యూరాన్ వ్యాధికి ముప్పై ఏళ్ల లైన్ పని కారణమా? అదే పనిలో ఉన్న తమ్ముడిని మాన్పించాలా?

ప్రశ్న: నంద్యాల ఉపాధ్యాయిని

పెద్దలందరికీ నమస్కారం. మా నాన్నగారికి 57 సంవత్సరాలు. 1993లో విద్యుత్ సంస్థలో హెల్పర్‌గా చేరి, లైన్‌మన్ అయి, ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నారు. ఏడాదిన్నర క్రితం ఆయన కుడి అరచేతిలో బొటనవేలి కింది కండ పల్చబడింది. కటింగ్ ప్లయర్ పట్టు జారుతోందని ఆయన చెబితే, వయసు వల్ల వచ్చిన నీరసమేనని మేమే తేలికగా తీసుకున్నాము. కొన్ని నెలలకు భుజం కండరాలు నిద్రలో కూడా అదరసాగాయి, ఆ తరువాత ఎడమచేయి కూడా బలహీనపడింది. మెడకు ఎం.ఆర్.ఐ., నరాలకు, కండరాలకు పరీక్షలు చేసి, ఇది మోటార్ న్యూరాన్ వ్యాధి అనీ, అందులో ఏ.ఎల్.ఎస్. అనే రకమనీ గత నెలలో నిర్ధారించారు.

2009లో నాన్నగారికి పెద్ద ప్రమాదం జరిగింది. పొలాల మధ్య ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, లైన్‌ను సరఫరా నుంచి విడదీసే ఏ.బి. స్విచ్ తెరిచి పని చేస్తుండగా, అవతల ఎవరో నడుపుతున్న జనరేటర్ కరెంటు వెనక్కి వచ్చి ఆయన కుడిచేతికి కొట్టింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ ముంజేతి మీద ఉంది. జబ్బు కూడా అదే చేతిలో మొదలు కావడంతో, ఆనాటి షాకే ఇన్నేళ్ల తరువాత ఇలా బయటపడిందని మా అమ్మ గట్టిగా నమ్ముతోంది.

మా తమ్ముడు 2019 నుంచి గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌గా, అంటే రెండో గ్రేడు జూనియర్ లైన్‌మన్‌గా పని చేస్తున్నాడు. వాడిని ఉద్యోగం మానేయమని అమ్మ రోజూ ఏడుస్తోంది. కరెంటు పనికీ ఈ వ్యాధికీ సంబంధం ఉందని విదేశాలలో తేలిందని ఒకరు, అదంతా అపోహ అని మరొకరు చెబుతున్నారు. నిజంగా ఏది ఎంతవరకు తేలింది? చేతికి తగిలిన షాక్ వల్ల అదే చేతిలో ఈ జబ్బు మొదలవుతుందా? తమ్ముడి విషయంలో మేము ఏమి చేయాలి? నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టమని నాన్నగారి తోటి ఉద్యోగులు అంటున్నారు, అది నిలుస్తుందా? తెలిసినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టుగా చెప్పండి. ఓదార్పు కంటే నిజమే మాకు ఎక్కువ అవసరం.

సమాధానం: వృత్తి ఆరోగ్య పరిశోధకుడు, ఇంగ్లండ్

నమస్కారమండి. పని స్థలాల వల్ల వచ్చే జబ్బుల గణాంకాలు చూడటమే నా వృత్తి. మా స్వస్థలం అనంతపురం జిల్లా. మీరు అడిగినట్లుగానే ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను, కొంచెం పొడవుగా ఉన్నా ఓపికతో చదవండి.

ముందుగా ఒక విషయాన్ని విడదీసి చూడాలి. "కరెంటు పని వల్ల" అని మనం అనేదానిలో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి, ఆ ఉద్యోగం చేయడం. రెండు, తీగలలో కరెంటు పారుతున్నప్పుడు వాటి చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రంలో ఏళ్ల తరబడి మసలడం. మూడు, షాక్ తగలడం. పరిశోధనలు ఈ మూడింటికీ మూడు రకాల జవాబులు ఇచ్చాయి. ఒకదాని జవాబును మరొకదానికి అంటించడం వల్లనే మీకు పొంతన లేని మాటలు వినబడుతున్నాయి.

ఈ అనుమానం కొత్తది కాదు. ఈ వ్యాధి వచ్చినవారిలో విద్యుత్ పనివారు ఎక్కువగా కనిపిస్తున్నారని స్విట్జర్లాండ్ వైద్యులు 1960లలోనే రాశారు. అందరి దృష్టినీ ఆకర్షించినది మాత్రం 1998లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం. అక్కడి విద్యుత్ సంస్థలలో పని చేసిన సుమారు 21,000 మంది పురుషుల మరణ వివరాలను దేశ జనాభాతో పోల్చి చూస్తే, ఏ.ఎల్.ఎస్. మరణాలు ఉండవలసినదానికి రెట్టింపు ఉన్నట్లు తేలింది. అదే అధ్యయనంలో మరొక అంకె ఉంది, దాన్ని ఎవరూ అంతగా ప్రస్తావించరు. విద్యుత్ ప్రమాదాల వల్ల కలిగిన మరణాలు ఆ కార్మికులలో సాధారణ జనాభా కంటే అనేక రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన చూసిన పరిశోధకులు, ఏ.ఎల్.ఎస్. పెరుగుదలకు పదేపదే తగిలిన షాకులు కారణమై ఉండవచ్చునని ఊహించారు. అది ఊహగానే చెప్పారు, నిరూపణగా కాదు.

ఆ ఊహను అదే డెన్మార్క్‌లో 2012లో పరీక్షించారు. 1968 నుంచి 2008 వరకు విద్యుత్ ప్రమాదానికి గురై బతికి బయటపడిన మూడు వేల పైచిలుకు మందిని ఆసుపత్రి రికార్డుల ద్వారా వెంబడించి చూస్తే, వారిలో చేతి, కాలి నరాల జబ్బులు, మూర్ఛ, తలతిరుగుడు, పార్శ్వపు నొప్పి ఎక్కువగా కనిపించాయి గానీ, ఒక షాక్‌కూ మోటార్ న్యూరాన్ వ్యాధికీ సంబంధం కనిపించలేదు. 2019లో ఐర్లండ్, ఇటలీ, నెదర్లాండ్స్‌లలో 1,300కు పైగా రోగులను, వారికి రెట్టింపు సంఖ్యలో ఆరోగ్యవంతులను పోల్చిన అధ్యయనంలో మాత్రం, షాకుల ప్రమాదం ఉన్న ఉద్యోగాలు చేసినవారిలో సుమారు 23 శాతం, అయస్కాంత క్షేత్రం ఉన్న ఉద్యోగాలు చేసినవారిలో సుమారు 16 శాతం ఎక్కువ అవకాశం కనిపించింది. 2021లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కిస్తే షాకులకు ఏ పెరుగుదలా తేలలేదు, అయస్కాంత క్షేత్రాలకు మాత్రం సుమారు 20 శాతం పెరుగుదల తేలింది.

క్షేత్రాల విషయంలో కూడా జవాబులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 1986 నుంచి లక్షా ఇరవై వేల మందిని వెంబడించిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో ఎప్పుడైనా ఎక్కువ తీవ్రత గల క్షేత్రంలో ఉద్యోగం చేసిన పురుషులలో ఏ.ఎల్.ఎస్. మరణాలు రెట్టింపుకు కాస్త పైనే ఉన్నాయి. కానీ ఆ అధ్యయనం మొత్తంలో ఈ వ్యాధితో మరణించిన పురుషులు వంద మంది కూడా లేరు. అందులోనూ ఎక్కువ తీవ్రతకు గురైనవారిని వేరు చేస్తే మిగిలేది గుప్పెడు మందే. ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది.

నేను ఉంటున్న ఇంగ్లండ్‌లో జరిగిన అధ్యయనం ఇందుకు భిన్నమైన ఫలితం ఇచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లకు విద్యుత్తు ఉత్పత్తి చేసి సరఫరా చేసిన పూర్వపు సెంట్రల్ ఎలక్ట్రిసిటీ జనరేటింగ్ బోర్డు ఉద్యోగులు 73,051 మందిని 1973 నుంచి 2010 వరకు వెంబడించారు. ఉద్యోగం పేరును మాత్రమే చూడకుండా, ఎవరు ఏ విద్యుత్ కేంద్రంలో ఎక్కడ పని చేశారు, అక్కడ క్షేత్ర తీవ్రత ఎంత అని ఒక్కొక్కరికీ లెక్క కట్టారు. జీవితకాలపు మోతాదు పెరిగినకొద్దీ మోటార్ న్యూరాన్ వ్యాధి పెరిగిన జాడ అందులో కనిపించలేదు. తీవ్రతను ఇంత జాగ్రత్తగా లెక్కగట్టిన అధ్యయనానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. అయితే నా అభిప్రాయానికి ఎదురు వెళ్ళే సంగతి కూడా చెప్పాలి. 2018లో ఇరవై అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మొత్తం మీద 14 శాతం పెరుగుదలే తేలినా, ఒక మనిషి జీవితంలో చేసిన ఉద్యోగాలన్నింటినీ నమోదు చేసిన అధ్యయనాలను వేరుచేసి చూస్తే అది 89 శాతం దాకా పెరిగింది. కాబట్టి ఈ ప్రశ్న ముగిసిపోయిందని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మరొక చిక్కు ఏమిటంటే, చాలా అధ్యయనాలలో కొలిచిన క్షేత్రం కంటే "ఎలక్ట్రీషియన్", "లైన్‌మన్", "వెల్డర్" అనే ఉద్యోగం పేరే వ్యాధితో ఎక్కువగా ముడిపడి కనిపిస్తుంది. క్షేత్రమే కారణమైతే కొలత మెరుగైనకొద్దీ సంబంధం బలపడాలి గదా! అలా స్పష్టంగా జరగలేదంటే, ఆ ఉద్యోగాలలో ఉన్న మరేదో, అంటే టంకం సీసం, కరిగించే ద్రావకాలు, వెల్డింగ్ పొగ, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె వంటివి ఏవైనా పాత్ర వహిస్తున్నాయేమోనన్న అనుమానం మిగులుతుంది. ఈ వ్యాధి వచ్చేలా జన్యువు మార్చిన ఎలుకలను ఇటువంటి క్షేత్రంలో ఉంచి 2009లో ఫ్రాన్స్‌లో చూశారు. వాటికి జబ్బు త్వరగా రావడం గానీ, త్వరగా ముదరడం గానీ జరగలేదు.

చివరగా ఒక లెక్క, మీ అమ్మగారి కోసం. జీవితకాలంలో ఈ వ్యాధి సుమారు 350 మందిలో ఒకరికి వస్తుందని ఐరోపా లెక్కలు చెబుతాయి. అంటే వెయ్యి మందిలో ముగ్గురు. విద్యుత్ పని వల్ల 20 శాతం పెరుగుతుందనే అనుకున్నా, వెయ్యి మంది లైన్‌మన్లలో ఆ సంఖ్య మూడు నుంచి నాలుగుకు కూడా చేరదు. ఆ ముగ్గురిలో మీ నాన్నగారు ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు గణాంకాలు జవాబు చెప్పలేవు. అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయమే.

సమాధానం: నరాల వైద్యుడు, హైదరాబాద్

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను. అదే చేతిలో మొదలైందన్న విషయం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువగా వేధించేది ఇదే.

మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞలు తీసుకువెళ్ళే నరకణాలు ఒక్కొక్కటిగా నశించడమే ఈ వ్యాధి. దీన్ని 1869లో ఫ్రాన్స్‌లో షార్కో అనే వైద్యుడు మొదటిసారి సమగ్రంగా వివరించాడు. ఇది ఎవరిలోనైనా శరీరంలో ఏదో ఒకచోట, ఒక చేతిలోనో, ఒక పాదంలోనో, నాలుకలోనో మొదలై పక్కకు పాకుతుంది. చేతిలో మొదలయ్యేవారిలో వాటం చేతిలోనే మొదలు కావడం ఎక్కువ. మీ నాన్నగారు కుడిచేతివాటం వారైతే, ఏ షాకూ తగలని కుడిచేతివాటం వ్యక్తిలో కూడా ఇది కుడిచేతిలో మొదలయ్యే అవకాశమే హెచ్చు. షాక్ కూడా కుడిచేతికే తగలడంలో వింత లేదు, ప్లయర్ పట్టుకునే చేయే ముందుగా తీగను తాకుతుంది. మీరు రాసినట్లుగా బొటనవేలి వైపు కండ ముందుగా కరగడం, చిటికెనవేలి వైపు కొంతకాలం బాగానే ఉండటం ఈ వ్యాధిలో మేము తరచుగా చూసే గుర్తు. కాలిన మచ్చ ఉన్నచోటుతో దానికి సంబంధం లేదు.

షాక్ నరాలను పాడు చేయదని నా భావం కాదు. అధిక ఓల్టేజీ శరీరంలోంచి పోయినప్పుడు, అది ప్రవహించిన దారిలోని నరాలు, వెన్నుపాములోని ఆ భాగం దెబ్బతినవచ్చు. ఆ దెబ్బ వెంటనే కనిపించవచ్చు, లేదా కొన్ని వారాలకో నెలలకో కనిపించవచ్చు. అటువంటి బలహీనత సాధారణంగా కరెంటు వెళ్ళిన అవయవానికే పరిమితమై ఒక స్థాయిలో నిలిచిపోతుంది. నాన్నగారి విషయంలో ప్రమాదానికీ లక్షణాలకూ నడుమ పన్నెండేళ్లకు పైగా ఆరోగ్యంగా గడిచిన కాలం ఉంది, జబ్బు రెండో చేతికి కూడా పాకింది. ఈ రెండూ చూస్తే, ఇది ఆనాటి దెబ్బ కొనసాగింపు అని నేను చెప్పలేను.

మందుల చీటీతో పాటు కొన్ని విషయాలు అడిగి తెలుసుకోండి. మెడ ఎముకల ఒత్తిడి వల్లగానీ, మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అనే నయం చేయదగిన నరాల జబ్బు వల్లగానీ ఇలాంటి లక్షణాలు రాలేదని పరీక్షలలో స్పష్టంగా తేల్చారా అని అడగండి. రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే నిమ్స్‌కు గానీ, బెంగళూరు నిమ్‌హాన్స్‌కు గానీ వెళ్ళవచ్చు. అందుకు మొదట చూసిన వైద్యుడు నొచ్చుకుంటారేమోనని మొహమాటపడవద్దు. ఈ వ్యాధిలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. మీ కుటుంబంలో ఇంకెవరికీ లేకపోతే తమ్ముడి గురించి ఆ భయం పెద్దగా పెట్టుకోనక్కరలేదు. అయినా జన్యు పరీక్ష గురించి మాట్లాడటం మంచిదే. ఎస్.ఓ.డి.1 అనే జన్యువులో లోపం ఉన్నవారికి టోఫెర్సెన్ అనే మందును 2023లో అమెరికాలో అనుమతించారు.

మీ తమ్ముడి గురించి ఒక మాట. ముప్పై ఏళ్ల లోపు యువకులలో ఒక చేయి సన్నబడటం అంటే అది ఏ.ఎల్.ఎస్. అని అనుకోకూడదు. 1959లో జపాన్‌లో హిరయామా గుర్తించిన ఒక స్థితి మన దేశంలోని యువకులలో కూడా తరచుగా కనిపిస్తుంది. అందులో మెడ ముందుకు వంచినప్పుడు వెన్నుపాము నొక్కుకుని ముంజేయి సన్నబడుతుంది, కొన్నేళ్లకు అది ఆగిపోతుంది. ఇంట్లో ఒకరికి ఈ పేరు వినబడగానే మిగిలినవారు తమ చేతులు చూసుకుని భయపడటం నేను అనేక సార్లు చూశాను, అందుకే చెబుతున్నాను.

నంద్యాల ఉపాధ్యాయిని

మీ ఇద్దరికీ నా కృతజ్ఞతలు. నాన్నగారిది కుడిచేతివాటమే. వైద్యులు గారు రాసిన భాగాన్ని అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు గానీ, ఆ మచ్చ వైపు చూసి కంటతడి పెట్టడం ఈ పూట తగ్గింది. తమ్ముడు ఒక ప్రశ్న అడగమన్నాడు. స్తంభం మీద ఉన్నప్పుడు, సబ్‌స్టేషన్‌లో డ్యూటీ చేస్తున్నప్పుడు అయస్కాంత క్షేత్రం నిజానికి ఎంత ఉంటుంది? దాన్ని తగ్గించుకునే మార్గం ఉందా?

సమాధానం: విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, విజయవాడ

అమ్మా, నేను 34 ఏళ్లు పంపిణీ విభాగంలో పని చేసి అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా (ఏ.డీ.ఈ.) పదవీ విరమణ చేశాను. మీ తమ్ముడి వంటి పిల్లలు నా దగ్గర ఎందరో పని నేర్చుకున్నారు.

క్షేత్రం ఓల్టేజీని బట్టి కాదు, తీగలో పారే ఆంపియర్లను బట్టి ఉంటుంది. ఒంటరి తీగలో 100 ఆంపియర్లు పారుతుంటే, దానికి ఒక మీటరు దూరంలో క్షేత్రం 20 మైక్రోటెస్లాలు (క్షేత్ర తీవ్రతను కొలిచే ప్రమాణం) ఉంటుంది, రెండు మీటర్ల దూరంలో అందులో సగం. మూడు ఫేజులు కలిసి వెళ్ళేటప్పుడు ఒకదాని క్షేత్రాన్ని మరొకటి చాలావరకు రద్దు చేస్తుంది గనుక అసలు విలువ ఇంతకంటే తక్కువే ఉంటుంది. ఉద్యోగులకు 50 హెర్ట్జ్ దగ్గర 1,000 మైక్రోటెస్లాల పరిమితిని 2010లో, ఇటువంటి క్షేత్రాల నుంచి రక్షణ కోసం ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం (ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి.) సూచించింది. ఆ పరిమితి తక్షణ ప్రభావాల కోసం పెట్టినదే గానీ, ముప్పై ఏళ్ల తరువాతి జబ్బుల కోసం పెట్టినది కాదు. అందువల్ల దాన్ని చూపి "ఇక ఏ భయమూ లేదు" అని నేను అనను.

లోపలివారికి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేది లైన్ క్లియర్ తీసుకున్న తరువాత, అంటే తీగలో కరెంటు లేనప్పుడు. కరెంటు లేని తీగ చుట్టూ క్షేత్రం ఉండదు. కాబట్టి నిబంధన ప్రకారం పని చేసే లైన్‌మన్ రోజులో ఎక్కువ సేపు క్షేత్రంలో ఉండేది సబ్‌స్టేషన్ యార్డులోనో, ట్రాన్స్‌ఫార్మర్ ఎల్.టి. (తక్కువ ఓల్టేజీ) కేబుళ్ళ పక్కనో మాత్రమే. అక్కడ పని లేనప్పుడు నాలుగు అడుగులు దూరంగా కుర్చీ వేసుకుంటే చాలు. క్షేత్రం తగ్గించుకోవడానికి ఇంతకంటే ఖర్చులేని పద్ధతి లేదు.

ఇక ఇంగ్లండ్ సోదరుడు డెన్మార్క్ గురించి రాసిన రెండో అంకె వద్దకు వస్తాను. నా సర్వీసులో ఒక్క మోటార్ న్యూరాన్ వ్యాధి కూడా చూడలేదు. స్తంభం మీద ప్రాణం పోయినవారిని మాత్రం ఐదుగురిని కిందికి దింపించాను. మన దేశంలో ఏటా పది వేల మందికి పైగా కరెంటు తగిలి చనిపోతున్నారు. వారిలో రైతులూ, మామూలు ప్రజలూ, మన లైన్ సిబ్బందీ అందరూ ఉన్నారు. మీ నాన్నగారికి 2009లో జరిగినది నూటికి నూరుపాళ్ళు నివారించగలిగిన ప్రమాదం. ఏ.బి. స్విచ్ తెరవడం ఒక్కటే సరిపోదు. జనరేటర్ నుంచో, ఇన్వర్టర్ నుంచో ఎల్.టి. వైపు ఎక్కే 230 ఓల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్ళి 11 కేవీగా, అంటే 11 వేల ఓల్టులుగా మారతాయి. అందుకే ఎల్.టి. ఫ్యూజులు కూడా తీసేసి, పని చేసే చోటుకు రెండు వైపులా తీగలను ఎర్త్ రాడ్లతో భూమికి కట్టిన తరువాతనే చేయి పెట్టాలి. ఎర్తింగ్‌కు పట్టే పది నిమిషాలు వృథా అని పై అధికారులు తొందర పెడతారు, రైతులు మోటార్లు ఆగాయని గొడవ చేస్తారు, ఊళ్ళో ఒత్తిడి ఉంటుంది. ఆ పది నిమిషాల దగ్గర మీ తమ్ముడు మొండిగా ఉండాలి. మీ అమ్మగారి భయం సరైనదే, అయితే ఆ భయాన్ని పెట్టుకోవలసిన చోటు ఇది.

నష్టపరిహారం గురించి కూడా అడిగారు. ఉద్యోగుల నష్టపరిహార చట్టం 1923లో వృత్తి వ్యాధుల జాబితా ఒకటి ఉండేది, 2025 నవంబరులో దాని స్థానంలో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి 2020లో కూడా అటువంటి జాబితా ఉంది. మోటార్ న్యూరాన్ వ్యాధి అందులో లేదు. జాబితాలో లేని జబ్బుకు పరిహారం రావాలంటే, ఉద్యోగంలో జరిగిన ఒక నిర్దిష్టమైన ప్రమాదపు గాయం నుంచే అది నేరుగా కలిగిందని చూపాలి. వైద్యులు గారు పైన రాసినది చదివాక, ఆ వాదన నిలబడుతుందని మీకు ఆశ పెట్టలేను. వకీలుకు ఖర్చు పెట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మీకు నిజంగా ఉపయోగపడే చట్టం వేరే ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 20వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి. అదీ లేకపోతే తగిన పోస్టు దొరికేదాకా గానీ, పదవీ విరమణ వయసు దాకా గానీ అదనపు పోస్టులో ఉంచాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఈ నిర్వచనంలోకి వస్తాయి. నాన్నగారిని బలవంతంగా స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టించడానికి ఎవరైనా ప్రయత్నిస్తే, పెట్టవద్దు. ముందుగా చలన వైకల్యం కింద ధ్రువపత్రం తీసుకోండి, తరువాత రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి.

సమాధానం: రోగి భార్య, విశాఖపట్నం

చెల్లీ, మా వారు ఈ వ్యాధితో నాలుగేళ్లు ఉన్నారు. కారణం వెతుకుతూ మేము మొదటి ఏడాది పోగొట్టుకున్నాము. ఆయన బ్యాంకు ఉద్యోగి, జీవితంలో ఏనాడూ కరెంటు పని చేయలేదు. నాకు తెలిసిన రెండు విషయాలు మాత్రం చెబుతాను. ఊపిరి సామర్థ్యం పరీక్షను మూడు నెలలకొకసారి తప్పకుండా చేయించండి. పొద్దున లేవగానే తలనొప్పి, పడుకుంటే ఆయాసం మొదలైతే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. రాత్రిపూట ముఖానికి పెట్టే బైపాప్ యంత్రం వల్ల మా వారికి నిద్ర పట్టింది, మాకూ ఆయనతో ఇంకొంత కాలం దొరికింది. పొట్టకు ఆహార గొట్టం వేయించే విషయం బరువు బాగా తగ్గకముందే మాట్లాడుకోండి, ఊపిరి బలహీనపడ్డాక ఆ చిన్న ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. మాట స్పష్టంగా ఉన్న ఈ రోజుల్లోనే నాన్నగారి గొంతును రికార్డు చేసి పెట్టుకోండి. మేము ఆ పని చేయలేదు.

సమాధానం: నరాల వైద్యుడు, హైదరాబాద్

పై అమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. నాలుక, గొంతు కండరాలు మరీ బలహీనపడని రోగులలో రాత్రిపూట శ్వాస సహాయం ఆయుష్షునూ, జీవన సౌఖ్యాన్నీ పెంచుతుందని ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జరిగిన పరీక్ష 2006లో చూపించింది. 1995లో అనుమతి పొందిన రిలుజోల్ అనే మందు కొన్ని నెలల మేరకు మాత్రమే సాయపడుతుంది. దాన్ని వాడుతున్నంతకాలం కాలేయ పరీక్షలు చేయించాలి. మందు కంటే యంత్రం ఎక్కువ మేలు చేసే జబ్బు ఇది. యంత్రం అంటే చివరి దశ అని భయపడి చాలా కుటుంబాలు ఆలస్యం చేస్తాయి, మీరు అలా చేయకండి.

నంద్యాల ఉపాధ్యాయిని

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ సమాధానాలన్నీ కాగితం మీద రాసి నిన్న రాత్రి నాన్నగారికి చదివి వినిపించాము. జబ్బు సంగతి మౌనంగా విన్నారు. ఇంజనీరు గారు రాసినది వినేటప్పుడు మాత్రం మధ్యలో ఆపి, ఆ రోజు తాను ఎల్.టి. ఫ్యూజులు తీయలేదనీ, సాయంత్రం లోపల సరఫరా ఇవ్వాలన్న తొందరలో ఎర్తింగ్ కూడా చేయలేదనీ తమ్ముడితో చెప్పారు. పదహారేళ్లుగా ఆ మాట మాలో ఎవరితోనూ అనలేదు. తమ్ముడు ఉద్యోగం మానడం లేదు. వాళ్ళ సెక్షన్‌లో నలుగురికి కలిపి ఒకే జత ఎర్త్ రాడ్లు ఉన్నాయట, రెండో జత కావాలని ఈ రోజు అసిస్టెంట్ ఇంజనీరు (ఏ.ఈ.) గారికి రాసి ఇచ్చి రసీదు తీసుకున్నాడు. నాన్నగారికి వచ్చే మంగళవారం ఊపిరి పరీక్ష ఉంది. ఆ ఫలితం వచ్చాక ఇక్కడే రాస్తాను.